ఈకలు రాని ఎండాకాలం

మా అన్నయ్యకు కోపం వస్తే గోడలైనా పక్కకు జరగాల్సిందే. అవి జరగలేవు కాబట్టి మా ఇంట్లో గోడలకు సొట్టలు, తలుపులకు చీలికలు, వదిన చేతులకు మచ్చలు. నాకు పై వరసలో ఒక పన్ను లేదు. పదిహేనేళ్ళప్పుడు ఎదురు మాట్లాడాను, అది పోయింది. ఆ తర్వాత ఏం ఎదురు చెప్పినా మనసులోనే చెప్పుకునేదాన్ని.

మాది మాంసం కోళ్ళ ఫారం. పొడవాటి షెడ్డు, దాని వెనక మేత కలిపే గది, ముందు ఇల్లు. విడతకి నాలుగు వేల పిల్లలు దింపేవాళ్ళం. పెత్తనం అన్నయ్యది, వంటిల్లు వదినది, షెడ్డు వదిన తమ్ముడిది. అతన్ని అందరూ నిదానం అనేవాళ్ళు. నడిస్తే కోడిపిల్లలు కూడా అతన్ని దాటిపోయేవి. కానీ ఏ పిల్ల కుంటుతోందో, ఏ మూల గాలి ఆడడం లేదో అందరికంటే ముందు తెలిసేది అతనికే. వదిన మనసులో మా ఇద్దరి గురించి ఒక ఆలోచన ఉందని నాకు తెలుసు. నాకూ ఇష్టమే. బయటికి మాత్రం "నువ్వు తాళి కట్టడానికి చెయ్యెత్తేసరికి నాకు జుట్టు నెరుస్తుంది" అని ఏడిపించేదాన్ని. అతను ఆలోచించి ఆలోచించి, మర్నాడు షెడ్డు దగ్గర కనబడినప్పుడు నవ్వేవాడు.

మేత కలిపే పని నాది. నాన్న నేర్పిన పని. పుస్తకాలు చూసి నాలుగు ముక్కలు మాట్లాడతానని ఇంట్లో నన్ను పంతులమ్మ అనేవాళ్ళు. ఆ పేరంటే నాకు లోపల చాలా గర్వం, పైకి చిరాకు.

మాంసం కోడి నలభై గ్రాముల పిల్లగా వచ్చి, నలభై రోజుల్లో రెండు కిలోలు దాటాలి. అంత తొందరగా కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. అవి కూడా ఒకే సరుకు కాదు, అమైనో ఆమ్లాలని ఇరవై రకాల ముక్కలు. కొన్నింటిని కోడి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. కొన్ని మేతలోనే రావాలి. వాటిలో ఒక్కటి చాలకపోయినా మిగతావి ఎన్నున్నా దండగే. దర్జీ దగ్గర గుడ్డ తానులకు తానులున్నా, గుండీలు పది చొక్కాలకే ఉంటే తయారయ్యేవి పది చొక్కాలే కదా. మొక్కజొన్న, సోయాచెక్క కలిపిన మేతలో ముందుగా తక్కువయ్యే గుండీ పేరు మెథియోనిన్. ఈకలు రావాలంటే అదే ముఖ్యం. అందుకే దాన్ని పొడిగా విడిగా కొని కలుపుతాం. ఎండాకాలం కోళ్ళు తక్కువ తింటాయి కాబట్టి, తినే ఆ కాస్తలోనే అంతా అందేలా మోతాదు పెంచుతాం.

ఇదంతా నాకు బాగా తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఆ ఎండాకాలం సోయాచెక్క సరిగ్గా దొరకలేదు. దాన్ని తగ్గించి, ఆ లోటు పొడులతో పూడ్చాలని నేనే చెప్పాను. "నీ లెక్క తప్పితే చూసుకో," అన్నాడు అన్నయ్య. తప్పదన్నాను. మెథియోనిన్‌ని నాన్న నాటి నుంచి స్టీలు మగ్గుతో కొలిచేవాళ్ళం. అయిదు వందల కిలోల మేతకి మూడు మగ్గులు, పైన చేత్తో సమంగా తుడిచి. మగ్గుకి నాలుగు వందల గ్రాముల పైచిలుకు పడుతుందని నాన్న ఎప్పుడో తూచి పెట్టాడు. ఆ ఏడు నేను నాలుగు మగ్గులు వేశాను. చిన్న తూకం ఒకటి అలమరలో అట్టపెట్టెలో ఉండేది. దాన్ని తియ్యడం నాకు నామోషీ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పిల్లలు వచ్చిన రెండో వారం పాత పొడి అయిపోయింది. దుకాణంలో ఆ రకం లేదని వేరే కంపెనీ సంచి ఇచ్చారు. అదే తెలుపు, అదే కుళ్ళిన క్యాబేజీ వాసన. చేతిలోకి తీసుకుంటే కాస్త పొంగినట్టు, మెత్తగా ఉంది. మేలు రకం కాబోలనుకుని మురిసిపోయి, నాలుగు మగ్గులు వేశాను.

మూడో వారం మొదట్లో నిదానం మేత గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పంతులమ్మా, వీపు మీద ఈకలు రావడం లేదు. చర్మం కనబడుతోంది."

"ఎండకి చొక్కాలు విప్పుకున్నాయేమో," అన్నాను.

"కింద రాలిన ఈకలు కూడా కనబడడం లేదు. తినేస్తున్నాయి."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. మర్నాడు మొదటి కోడి చచ్చింది. నేను వెళ్ళేసరికి ఇరవై కోళ్ళు దాని చుట్టూ చేరి ఉన్నాయి. తోక దగ్గర మొదట పొడిచి, రక్తం కనబడగానే మిగతావి వచ్చి, లోపలి పేగు పట్టుకుని లాక్కుపోతున్నాయి. ఒకటి పేగు చివర ముక్కున పెట్టుకుని పరుగెత్తుతుంటే వెనక పది తరుముతున్నాయి. పొడిపించుకుంటున్న కోడికి ఇంకా ప్రాణం ఉంది. నిదానం వాటిని కాళ్ళతో తప్పించి, దాన్ని ఎత్తుకుని, మెడ విరిచాడు. అతని చొక్కా మోచేతి దాకా తడిసింది.

ఆ రోజు పదకొండు చచ్చాయి. తర్వాతి రోజు ముప్పై నాలుగు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ సంఖ్య చెప్పింది వదిన. చెప్పడమే ఆవిడ తప్పు. అన్నయ్య కంచం విసిరాడు. అంచు తగిలి వదిన కనుబొమ్మ చీరుకుపోయింది. వదిన కొంగు అదిమిపెట్టుకుని, కింద పడిన మెతుకులు ఏరడం మొదలుపెట్టింది. నేను గ్లాసులో నీళ్ళు తాగుతూ, "కోళ్ళ మీద కోపం కంచం మీద చూపించావు, మగాడివే" అన్నాను. మనసులో.

అన్నయ్య డాక్టరుని పిలిపించాడు. పశువుల ఆస్పత్రిలో చేసే ముసలాయన. షెడ్డంతా తిరిగి, రెండు కోళ్ళు కోసి చూసి, చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"రోగం కనబడడం లేదమ్మా. మెథియోనిన్ ఎంత పడుతోంది?"

"టన్నుకి మూడు కిలోల పైనే సార్. సోయా తగ్గింది కాబట్టి పెంచాను."

"తూచే వేస్తున్నావా?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. చేతిలో నీళ్ళ పైపు ముక్క ఒకటి ఉంది. చచ్చిన కోళ్ళని పక్కకి నెట్టడానికి పట్టుకున్నది.

"తూచే సార్," అన్నాను.

"అయితే మేతది కాదు. వెలుతురు ఎక్కువైనా, ఇరుకైనా, నీళ్ళు అందకపోయినా ఇలాగే పొడుచుకుంటాయి. ఒకసారి రక్తం రుచి మరిగితే మానడం కష్టం. షెడ్డు ఎవరు చూస్తారు?"

అన్నయ్య నిదానం వైపు చూశాడు. వదిన చూసింది. నేనూ చూశాను. నేను చూడకుండా ఉండాల్సింది.

డాక్టరు స్కూటరు గేటు దాటే వరకూ అన్నయ్య ఆగాడు. తర్వాత పైపు ఎత్తాడు. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది చెవి మీద. నిదానం తప్పించుకోలేదు. "లైట్లు ఆర్పుతున్నాను బావగారూ, నీళ్ళు నిండుగానే ఉన్నాయి" అని ప్రతి దెబ్బకీ ఒక సంజాయిషీ ఇచ్చాడు. కొట్టేవాడికి సంజాయిషీ ఇస్తే ఇంకా ఒళ్ళు మండుతుందని అతనికి తెలియదు. కింద పడ్డాక అన్నయ్య కాలితో తన్నాడు. డొక్కలో బుడగ పగిలినట్టు చప్పుడొచ్చింది. వదిన మధ్యలో పడితే ఆవిడకీ రెండు తగిలాయి. నేను మేత గది తలుపు పట్టుకుని నిలబడ్డాను. తలుపు గడియ నా అరచేతిలో అచ్చు పడింది.

"రేపటి నుంచి లెక్క చెప్పు నాకు," అన్నాడు అన్నయ్య రొప్పుతూ. "ఎన్ని చస్తే అన్ని దెబ్బలు."

మర్నాడు పొద్దున్నే మేత గదిలోకి వెళ్ళాను. 'తూచే వేస్తున్నావా' అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. అలమరలోంచి అట్టపెట్టె తీసి, తూకం తుడిచి, మగ్గు నింపి, పైన తుడిచి పెట్టాను.

రెండు వందల డెబ్భై గ్రాములు.

మళ్ళీ తూచాను. పాత సంచి అడుగున గుప్పెడు పొడి మిగిలి ఉంటే రెండింటినీ ఒకే చిన్న గిన్నెతో విడివిడిగా తూచి చూశాను. కొత్తది తేలిక. మేలు రకమని నేను మురిసిపోయిన ఆ మెత్తదనం అంతా గాలి. నాలుగు మగ్గులకి కిలోన్నర పైన ఉండాల్సింది కిలోకి కాస్త ఎక్కువ పడుతోంది. అందులోనూ సోయా తగ్గించాం. అందులోనూ ఎండకి కోళ్ళు తినేదే తక్కువ. పిల్లలు ఒంట్లో లేనిది బయట వెతుక్కున్నాయి. పక్క కోడి ఒంట్లో దొరికింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి అన్నయ్య దగ్గరికి బయల్దేరాను. నిజంగానే బయల్దేరాను. వసారా దాకా వెళ్ళాను. అన్నయ్య కుర్చీలో కూర్చుని పైపుకి పట్టు జారకుండా రబ్బరు చుడుతున్నాడు. చాలా శ్రద్ధగా, పొరమీద పొర. నన్ను చూసి "ఏంటి?" అన్నాడు.

"టీ పెట్టమంటావా?" అన్నాను.

వెనక్కి వచ్చి, ఆరు మగ్గులు వేసి కొత్త మేత కలిపాను. తూచి మరీ వేశాను. నాలుగైదు రోజుల్లో కోళ్ళు కుదుటపడతాయి, ఎవరికీ ఏమీ తెలియదు, అందాకా కాస్త ఓర్చుకుంటే చాలు అనుకున్నాను. ఓర్చుకోవాల్సింది ఎవరో మాత్రం ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. నా పళ్ళు నాకు కావాలనుకున్నాను.

ఇంకో సంగతి ఉంది. పాత మేత పదహారు బస్తాలు అప్పటికే షెడ్డులో పేర్చి ఉంది. రెండు రోజుల మేత. దాన్ని వెనక్కి తెప్పిస్తే ఎందుకని అడుగుతారు. కొత్త బస్తాలు బండి మీద వేసుకుని వెళ్ళినప్పుడు నిదానం అడిగాడు. చెవి వాచి తమలపాకంత అయింది. ఒక పక్కకి ఒంగి నడుస్తున్నాడు.

"వీటిని ముందు వెయ్యనా, అవి ముందు వెయ్యనా?"

"ముందు వచ్చినవి ముందు," అన్నాను. "ఎప్పటిలాగే."

అతను తల ఊపి పాత బస్తా మూతి విప్పాడు.

ఆ రోజు ముప్పై ఎనిమిది చచ్చాయి. అన్నయ్య నిజంగానే లెక్క పెట్టి కొట్టాడు. ఇరవై దాటాక చెయ్యి నొప్పి పుట్టి ఆపాడు. మర్నాడు నలభై. నిదానం షెడ్డులో పరదాలన్నీ దించి, చీకటి చేసి, గాయాలైన కోళ్ళకి తారు పూసి, విడిగా వేసి, పొద్దస్తమానం వాటి మధ్యే తిరిగాడు. పొడిచే కోడిని పట్టుకుని బుట్ట కింద మూసేవాడు. ఎన్నింటిని మూస్తాడు? మూడున్నర వేలకి పైగా ఉన్నాయి. అతని పాదాలు కూడా పొడిచాయి. దెబ్బల దగ్గర చర్మం చిట్లి ఉంటే కోళ్ళకి అదీ ఎర్రగానే కనబడింది.

నేను కొత్త మేత కలిపిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్నయ్య గుడ్ల ఫారం వాళ్ళ దగ్గర్నుంచి ముక్కులు కోసే మిషన్ తెచ్చాడు. బల్ల మీద బిగించే చిన్న మిషన్. కరెంటు ఇస్తే బ్లేడు ఎర్రగా కాగుతుంది. కోడి ముక్కుని రంధ్రంలో పెట్టి, కాలితో మీట నొక్కితే బ్లేడు దిగి కొన తెగుతుంది, ఆ వేడికే రక్తం ఆగుతుంది. గుడ్ల కోళ్ళకి చిన్నప్పుడే చేస్తారు. ఈ వయసు మాంసం కోళ్ళకి, ఆ ఎండలో, ఎవరూ చెయ్యరు.

"రా, మొదలుపెట్టు," అన్నాడు అన్నయ్య.

నిదానం మిషన్ వంక చూశాడు, పైకప్పు రేకుల వంక చూశాడు.

"వద్దు బావగారూ. ఈ వేడికి, ఈ గాయాలకి ముక్కు కోస్తే సగం చస్తాయి. పొద్దుటి నుంచి కాస్త తగ్గినట్టుంది. ఇంకో రెండు రోజులు చూద్దాం."

ఆ ఇంట్లో అన్నయ్యకి వద్దని చెప్పిన మాట నేను విన్నది అదే మొదలు. అతను చెప్పింది నిజం. ముందు రోజు పొద్దున్నే పాత బస్తాలు అయిపోయాయి.

"రెండు రోజులు," అన్నాడు అన్నయ్య. "పెత్తనం నీదా?"

"పెత్తనం కాదండీ. వాటికి నొప్పి..."

"నొప్పా? ఎంత నొప్పో చూద్దాం రా."

మణికట్టు పట్టుకున్నాడు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను, భుజాన బస్తాతో. బస్తా దించాను. వాళ్ళిద్దరికీ మధ్య బల్ల, బల్ల మీద ఎర్రటి బ్లేడు, పక్కన బుట్టలో పొడిపించుకున్న కోడి.

"అన్నయ్యా," అన్నాను.

అతను తల తిప్పలేదు. "ఏంటి?"

"ఏం లేదు," అన్నాను.

మీట నొక్కాడు. చూపుడు వేలు, మధ్య వేలు, మొదటి కణుపు దాకా. రక్తం పెద్దగా రాలేదు. బ్లేడు కాలి ఉంది కదా. నిదానం అరవలేదు, గాలి పీల్చుకున్నాడంతే, పీల్చిన గాలి వదలడం మర్చిపోయినట్టు అలాగే ఉండిపోయాడు. తెగి కింద పడినవాటి వైపు కోళ్ళు పరుగెత్తాయి. నేను వాటిని తరమడానికి వంగాను. అప్పటికే ఆలస్యమైంది.

ఆస్పత్రికి అన్నయ్యే తీసుకెళ్ళాడు. మిషన్‌లో పడిందని చెప్పాడు. వచ్చేటప్పుడు పళ్ళు కొన్నాడు, తనే తొక్క తీసి పెట్టాడు. కొట్టాక పళ్ళు కొనడం అతని పద్ధతి. మా ఇంట్లో పళ్ళు కనబడితే ఎవరికో దెబ్బలు తగిలాయని లెక్క.

వారం తిరిగేసరికి కోళ్ళు మామూలైపోయాయి. మొదట చావులు పదికి దిగాయి, తర్వాత రెండుకి, తర్వాత లేవు. వీపుల మీద తెల్లటి ముళ్ళలా ఈకలు మొలిచాయి. అన్నయ్య షెడ్డులో నడుము మీద చేతులు పెట్టుకుని తిరిగాడు.

"దండం దశగుణం అని ఊరికే అన్నారా? వీడికి నాలుగు తగిలాక గానీ షెడ్డు దారికి రాలేదు."

అంతకంటే ఘోరం, నిదానం అది నమ్మాడు. ఒకరోజు పరదా తాడు ముడి వెయ్యలేక నన్ను పిలిచాడు. కట్టున్న చెయ్యి పైకి పెట్టుకుని నిలబడ్డాడు. నేను ముడి వేస్తుంటే మెల్లగా అన్నాడు.

"తప్పు నాదేనేమో పంతులమ్మా. ఆ వారం గుమ్మం దగ్గర లైట్లు రెండు ఎక్కువ వెలిగాయి. ఆర్పుదామనుకుంటూ ఆలస్యం చేశాను. నా సంగతి తెలుసు కదా."

ముడి బిగించాను. విప్పాను. మళ్ళీ వేశాను.

వదినకి చెబుదామనుకున్నాను ఒకసారి. గిన్నెలు తోముతూ ఆవిడే మొదలుపెట్టింది. "మా వాడు తప్పు చేశాడు, ఆయన కొట్టారు. అలా అనుకుంటేనే నాకు ముద్ద దిగుతోంది. ఏ తప్పూ లేకుండా వాడి వేళ్ళు తీశారంటే, నేను ఈ ఇంట్లో ఎలా ఉండను చెప్పు?" నేను గిన్నె అందుకుని తుడిచి పెట్టాను. చెప్పకపోవడానికి ఇంకో మంచి కారణం దొరికిందని లోపల సంతోషపడ్డాను కూడా. ఇది కూడా చెప్పకపోతే ఈ కథ చెప్పడం అనవసరం.

నలభై రెండో రోజు పొద్దున్న కోళ్ళు లారీలెక్కాయి. పని అయ్యాక కోళ్ళ వ్యాపారి వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. షెడ్డు ఖాళీ అయితే అన్నయ్యకి హుషారు. నిదానాన్ని పిలిచాడు. మానిన చెయ్యి పట్టుకుని వ్యాపారి ముందు పైకెత్తాడు.

"చూడండి. ఈ రెండు వేళ్ళు పోయాయి, అన్ని వేల కోళ్ళు బతికాయి. ఏరా, బుద్ధొచ్చిందా లేదా?"

"వచ్చింది బావగారూ," అని నిదానం నవ్వాడు. వ్యాపారి కూడా నవ్వాడు, కప్పులోకి చూస్తూ. నిదానం మనస్ఫూర్తిగా నవ్వాడు. మర్నాటి దాకా ఆగకుండా, వెంటనే నవ్వాడు. అంత తొందరగా నవ్వడం అతను ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు అర్థమైంది, ఇక నా వల్ల కాలేదు.

"అతని తప్పు కాదు," అన్నాను. "మేతది. పొడి తక్కువ వేశాను. కొత్త పొడి తేలిక, నేను తూచకుండా మగ్గుతో వేశాను. కోళ్ళు బాగుపడింది మేత మార్చాక."

వ్యాపారి కప్పు కింద పెట్టి, లారీ చూసుకోవాలని వెళ్ళిపోయాడు. వదిన గుమ్మంలోకి వచ్చింది. అన్నయ్య ఇంకా ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు అన్నయ్య.

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. తప్పు ఒప్పుకుంటే ఒక పన్నో, రెండు పళ్ళో పోతాయని, దాంతో సరిపోతుందని సిద్ధపడి వచ్చాను.

"డాక్టరు వచ్చి వెళ్ళిన మర్నాడు."

వదిన పెదవులు కదులుతున్నాయి, రోజులు లెక్కపెడుతోంది. నిదానం తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"ఆ పదహారు బస్తాలు," అన్నాడు. "ముందు వచ్చినవి ముందు అన్నావు."

అతను నన్ను అడిగింది అంతే. జవాబు కోసం ఆగలేదు, మెట్ల వైపు తిరిగాడు.

వదిన నా దగ్గరికి వచ్చింది. మా ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆవిడ చీమని కూడా అదిలించడం నేను చూడలేదు. నా చెంప మీద కొట్టింది. తర్వాత రెండో చెంప మీద. కొట్టడం చేతకాక ఆవిడ గాజు పగిలి ఆవిడ మణికట్టుకే గుచ్చుకుంది.

"ఆయనకి కోపం," అంది. "చిన్నప్పటి నుంచీ కోపం, ఆయన వల్ల కాదు అనుకున్నాను. నీకేమొచ్చింది?"



మధ్యాహ్నం దాటకముందే వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. రెండు సంచులు, రెండూ నిదానం ఎడమ చేతిలో. గేటు దగ్గర వదిన గడియ తీస్తుంటే అన్నయ్య వసారాలోంచి కదలలేదు. పైపు కుర్చీ కింద ఉంది. తీస్తాడని చూశాను. తియ్యలేదు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేను గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాను.

అతను నన్ను పరీక్షగా చూశాడు. పన్ను రాలగొట్టినప్పుడు కూడా అంత సేపు చూడలేదు. మొహంలో కోపం లేదు. చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండి, దారిలో అయినవాళ్ళు కనబడినట్టుంది.

"నా చెల్లెలివనిపించుకున్నావు," అన్నాడు మెత్తగా. "రా, అన్నం పెట్టు. నువ్వూ తిను."

ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత మా అన్నయ్య నా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు.